పందెంలో పెట్టింది ఎవరి డబ్బు?



ఈమధ్య ఏ ఇంటికి పేరంటానికి వెళ్ళినా, మేడమీద వడియాలు పెట్టుకుంటూ కూర్చున్నా ఒకటే చర్చ. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటలు. రమ్మీ అనండి, క్రికెట్ జట్టు కట్టే ఆట అనండి, రంగు చెప్పి పందెం కాసేది అనండి. ఒకావిడ "అది జూదమే, ఇంకో మాట లేదు" అంటుంది. ఇంకొకావిడ "కాదు వదినా, రమ్మీ తెలివితేటల ఆటట, కోర్టే చెప్పిందిట, మా ఆయన అన్నారు" అంటుంది. మూడో ఆవిడ "ప్రభుత్వం బందు పెట్టేసిందిగా, ఇంకా ఆ గొడవ మనకెందుకు" అని తేల్చేస్తుంది. నాలుగో ఆవిడ మాత్రం ఏమీ మాట్లాడదు. తలొంచుకుని వడియాలు పెట్టుకుంటూ ఉంటుంది. ఆ మాట్లాడని ఆవిడ ఇంట్లోనే చాలాసార్లు అసలు కథ ఉంటుంది. ఈ వారం ఆవిడ కోసమే రాస్తున్నాను.

ముందే ఒకమాట. ఆటలంటే నాకు గిట్టదని అనుకోకండి. అష్టాచెమ్మా ఆడుతూ అన్నం మర్చిపోయిన రోజులు మనందరికీ ఉన్నాయి. శివరాత్రి జాగారానికి వైకుంఠపాళి పరుచుకుని కూర్చుంటే తెల్లారిందే తెలిసేది కాదు. చింతగింజలతో వామనగుంటలు, గవ్వలతో పచ్చీసు, అన్నీ ఆడాం. పండగలకి మగవాళ్ళు చాపవేసుకుని పదమూడు ముక్కలాట ఆడటమూ చూశాం. పావలా, అర్ధా పందెం కాసుకునేవారు. కాకపోతే ఆ ఆటలో రెండు విశేషాలున్నాయి, గమనించారా? బావగారు పోగొట్టుకున్న పది రూపాయలు మరిదిగారి జేబులోకి వెళ్ళేవి. సాయంత్రానికి ఆ పదితోనే అందరికీ మిరపకాయ బజ్జీలు వచ్చేవి. ఇంటి డబ్బు ఇంట్లోనే తిరిగేది. రెండోది, "ఇంక లేవండి, విస్తళ్ళు వేశాం" అని అత్తగారు ఒక్క కేక వేస్తే ఆట అయిపోయేది. అంటే ఆటకి ఒక ముగింపు ఉండేది.

ఫోన్లో ఆటకి ఈ రెండూ లేవు. ఎలాగో చూద్దాం.

గిన్నె ఖాళీ అయ్యే లెక్క

మనకి లెక్కలు రావంటారు గాని, నెలాఖరుకి ఇల్లు గడిపే లెక్క మనకి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? ఈ లెక్క కూడా అంతే సులువు.

ఫోన్లో ఒక బల్ల దగ్గర ఆరుగురు కూర్చున్నారనుకోండి. ఒకరి ముఖం ఒకరికి తెలీదు. తలా 1,000 రూపాయలతో మొదలుపెట్టారు. మొత్తం 6,000. ఆటకి తలా 100 వేస్తే 600 అవుతుంది. గెలిచిన మనిషికి ఆ 600 ఇస్తారా? ఇవ్వరు. ఆట నడిపే కంపెనీ తన రుసుము తీసుకుని మిగిలింది ఇస్తుంది. లెక్క కోసం పదోవంతు అనుకుందాం, 60 రూపాయలు. ఆటకి 60 చొప్పున 100 ఆటలకి ఎంత? 6,000. అంటే ఆరుగురూ సమానమైన తెలివిగలవాళ్ళే అయినా, వాళ్ళలో వాళ్ళు 100 ఆటలు ఆడేసరికి తెచ్చిందంతా కంపెనీదే. ఒక్కో ఆట కొన్ని నిమిషాల్లో అయిపోతుంది కనుక నాలుగైదు రాత్రులు చాలు.

ఆరు గిన్నెల్లో పాలున్నాయి. ఇందులోవి అందులోకి, అందులోవి ఇందులోకి మార్చి పోస్తున్నాం. మార్చినప్పుడల్లా పక్కన ఒకడు నిలబడి గరిటెడు తీసుకుపోతున్నాడు. ఏ గిన్నె గెలిచింది అని మనం చూస్తుంటాం. అన్ని గిన్నెలూ ఎండిపోతాయి. ఇదీ దాని కిటుకు. మధ్యలో ఒకడికి పెద్ద మొత్తం వస్తుంది, నిజమే. ఆ ఒక్కడి ఫొటోయే ప్రకటనలో వేస్తారు.

ఇంక ముగింపు సంగతి. చాప మీద ఆటకి మనుషులు కావాలి, లైటు కావాలి. ఫోన్లో ఆటకి రాత్రి రెండింటికైనా బల్ల సిద్ధం. పక్కలో పడుకుని, దుప్పటి ముసుగులో కూడా ఆడొచ్చు. తమిళనాడు ప్రభుత్వం ఈ సంగతి కనిపెట్టే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజాము 5 దాకా నడపకూడదని నియమం పెట్టింది. కంపెనీలు కోర్టుకెళితే 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఆ నియమం సబబే అంది.

కోర్టు ఏమంది, మనవాళ్ళు ఏం విన్నారు

"రమ్మీ జూదం కాదని సుప్రీంకోర్టే చెప్పింది" అనే మాట మన ఇళ్ళల్లో బాగా తిరుగుతుంది. ఆ మాట పుట్టింది మన సికింద్రాబాదు నుంచే. అక్కడ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతుంటే పోలీసులు కేసు పెట్టారు. అది నడిచి నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో తీర్పొచ్చింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద ఆధారపడింది, రమ్మీ అలా కాదు, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, అందుచేత ఇందులో నేర్పు ఎక్కువ అంది కోర్టు.

మగవాళ్ళు ఇక్కడిదాకానే చెప్తారు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. క్లబ్బు వాళ్ళు ఇచ్చే సదుపాయానికి కొద్దిపాటి రుసుము తీసుకుంటే తప్పు లేదు. కాని పందెం కాసి ఆడే రమ్మీ మీద గాని, మరో ఆట మీద గాని ఇంటి యజమానో క్లబ్బో లాభం చేసుకుంటున్నట్టు సాక్ష్యముంటే మాత్రం అది నేరం కావచ్చు అని కూడా అంది. చూశారా? ఆట ఎలాంటిది అనడంతో కోర్టు ఆగిపోలేదు, పక్కన గరిటె పట్టుకుని ఎవడైనా నిలబడ్డాడా అని కూడా చూసింది. ఈసారి ఎవరైనా మీతో "కోర్టే చెప్పింది" అంటే, "రెండో సగం కూడా చదవండి" అని నెమ్మదిగా అనండి.

ప్రభుత్వాలు ఏం చేశాయి

ఆన్‌లైన్‌లో పందెం కాసి ఆడే రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. అయినా ఆగిందా అంటే పూర్తిగా ఆగలేదు. ఫోను వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే దొంగ యాప్‌లు వేసుకుని ఆడినవాళ్ళున్నారు. ఫోనుకి ఊరి పొలిమేర ఏం తెలుస్తుంది?

తరవాత 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి ఒక చట్టం చేసింది. 22వ తేదీన రాష్ట్రపతి ఆమోదం దొరికింది. నేర్పు ఆటా, అదృష్టం ఆటా అన్న తేడాయే తీసిపారేసింది ఈ చట్టం. డబ్బు కట్టి, డబ్బు వస్తుందని ఆశపడి ఆడే ఏ ఆన్‌లైన్ ఆటా నడపకూడదు. నడిపితే 3 సంవత్సరాల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు వేస్తే 2 సంవత్సరాల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. బ్యాంకులు ఆ డబ్బు దాటించకూడదు. ఆడి పోగొట్టుకున్న మనిషిని మాత్రం నేరస్తుడిగా చూడలేదు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి. "బయట చెప్తే మా ఆయన్ని జైల్లో పెడతారేమో" అని భయపడి నోరు మూసుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు.

ఆ బిల్లు తెచ్చినప్పుడు ప్రభుత్వం చెప్పిన అంచనా ప్రకారం 45 కోట్ల మంది మీద ఈ ఆటల దెబ్బ పడింది, 20 వేల కోట్ల రూపాయల పైన పోగొట్టుకున్నారు. పేరున్న కంపెనీలు రోజుల వ్యవధిలోనే డబ్బు ఆటలు ఆపేశాయి. కొందరు కోర్టుకెళ్ళారు. వేరువేరు హైకోర్టుల్లో వేసిన ఆ కేసుల్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

దీని మీదా మనలో రెండు పక్షాలున్నాయి. "పెద్దవాళ్ళ జేబులో డబ్బు, వాళ్ళిష్టం, ప్రభుత్వానికేం పని" అంటారు కొందరు. "2023 అక్టోబరు నుంచి ఆటలో వేసే డబ్బు మీద 28 శాతం జి.ఎస్.టి. వసూలు చేసి, రెండేళ్ళకి చెడ్డదని తెలిసొచ్చిందా" అని దెప్పేవాళ్ళు కొందరు. అందులో న్యాయం లేకపోలేదు. ఆ కంపెనీల్లో పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న పిల్లలు కూడా ఎవరో తల్లుల బిడ్డలే. అయినా నా ఓటు చట్టానికే. వీధిలో బావి ఉంటే చుట్టూ గోడ కట్టమని అడుగుతాం కదా. ఈతొచ్చినవాడి స్వేచ్ఛ కోసమని గోడ కట్టకుండా వదిలెయ్యం.

కాని గోడ కట్టారు కదా అని పిల్లవాణ్ణి బావి దగ్గర వదిలేసి వస్తామా? పరాయి దేశాల నుంచి నడిచే పందేల లింకులు ఇంకా ఫోన్లోకి వస్తూనే ఉన్నాయి. చట్టం గుమ్మం దాకానే. గుమ్మం ఇవతల చూసుకోవలసింది మనం.

ఒక ఇంటి సంగతి

మా వెనక వీధిలో ఒక ఇల్లుంది. పేర్లు రాయను. ఆయనకి చిన్న ఉద్యోగం, చెడ్డ అలవాటు ఒక్కటీ లేదు, కాఫీ కూడా తాగడు. ఆవిడ పొదుపరి. పెద్దమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ ఫీజు కట్టే రోజు వచ్చేసరికి ఖాతాలో డబ్బు లేదు. బీరువాలో చూస్తే ఆవిడ పుట్టింటివాళ్ళు పెట్టిన గాజులు నాలుగూ లేవు. తాకట్టులో ఉన్నాయి. అదీ చాలక ఫోన్లో అప్పులిచ్చే యాప్‌ల దగ్గర మూడు అప్పులు. వాళ్ళు ఆవిడ తమ్ముడికి కూడా ఫోన్లు చేసి అవమానకరంగా మాట్లాడారు. అన్నీ కలిపి మూడు లక్షల నలభై వేలు తేలింది.

ఆయన చెప్పిన మాట వినండి. "పోయింది రాబట్టాలనే ఆడాను. ఆట మీద ఇష్టం ఎప్పుడో పోయింది." ఈ ఒక్క వాక్యం అర్థమైతే ఈ వ్యవహారమంతా అర్థమైనట్టే. పోయినదాన్ని పట్టుకోవడానికి ఇంకొంత పోగొట్టడం. ఇది చెడ్డ మనుషులకే వచ్చేది కాదు. పద్దతిగా బతికే మనిషికి పోయిందనే బాధ ఎక్కువ, అందుకే వెంటపడతాడు.

ఆవిడ మొదటి రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు కేలెండరు కాగితం ఒకటి చింపి, వెనకవైపు ఎవరికెంత ఇవ్వాలో ఆయన చేతే రాయించింది. "ఇందులో ఒక్క రూపాయి దాచినా మనం మునుగుతాం" అంది. ఇప్పటికి ఏడాది దాటింది. రెండు గాజులు విడిపించుకున్నారు, రెండు ఇంకా ఉన్నాయి. అమ్మాయి చదువు ఆగలేదు.

ద్రౌపది అడిగింది ఇదే

భారతంలో పాచికల ఆట మనందరికీ తెలిసిందే. అంత సభలో పెద్దలందరూ కూర్చుని ధర్మసూక్ష్మాలు ఆలోచిస్తున్నారు. ద్రౌపది అడిగింది మాత్రం ఒకే ప్రశ్న. ముందు తననే ఓడిపోయిన మనిషికి నన్ను పందెం ఒడ్డే హక్కు ఎక్కడిది అని. పాచికలు ఎవరివి, ఆటలో నేర్పెంత అని ఆవిడ అడగలేదు. ఒడ్డింది ఎవరి సొత్తు అని అడిగింది. సభకి జవాబు దొరకలేదు.

మనమూ అదే అడగాలి. నేర్పా, అదృష్టమా, ప్రభుత్వం మంచి చేసిందా, చెడు చేసిందా అని ఎంతసేపైనా వాదించుకోవచ్చు, కాలక్షేపానికి బాగానే ఉంటుంది. మన ఇంట్లో ఆ వాదన వచ్చినప్పుడు మూడే మూడు ప్రశ్నలు వెయ్యండి. పందెంలో పెట్టింది ఎవరి డబ్బు? ఆటాటకీ మధ్యలో వాటా తీసుకునేదెవరు? ఈ ఆట ఎప్పుడు ఆగుతుంది? మొదటిదానికి "పిల్ల ఫీజు" అనీ, మూడోదానికి "పోయింది వచ్చాక" అనీ జవాబొస్తే ఇంక వాదన అనవసరం.

నగల విషయంలో చట్టం కూడా మన వైపే ఉంది. స్త్రీధనం మీద పూర్తి హక్కు భార్యదే, భర్త కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వవలసిన బాధ్యత ఆయనదే అని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది. ఇది దెబ్బలాటకి కాదు, మన మాటకి బలం కోసం తెలుసుకోండి.

అలవాటా, జబ్బా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో జూదం వ్యసనంతో పాటు ఆటల వ్యసనం కూడా ఉంది. 2019లో ఆమోదించిన ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. వాళ్ళు చూడమన్న గుర్తులు మూడు: ఎంతసేపు ఆడాలో తన అదుపులో ఉండకపోవడం, తిండి నిద్ర పని అన్నిటికంటే ఆటే ముందు కావడం, నష్టం కళ్ళకి కనపడుతున్నా మానలేకపోవడం. మామూలుగా ఏడాదిపాటు ఇలా ఉంటే జబ్బు కింద లెక్క. సెలవుల్లో పిల్లవాడు రెండు గంటలు ఆడుకుంటే అది జబ్బు కాదు. కంగారుపడి ఫోను పగలగొట్టకండి. డబ్బుతో పనిలేని ఆటలకి ఈ కొత్త చట్టం కూడా అడ్డు చెప్పలేదు.

ఇంట్లో చేయదగిన పనులు

ఇవి నేను నలుగురి దగ్గర తెలుసుకుని రాసి పెట్టుకున్నవి. వంట చిట్కాల్లాగే కత్తిరించి దాచుకోండి.

మొదటిది, దెప్పిపొడుపు వద్దు. పదిమందిలో అసలు వద్దు. సిగ్గుపడిన మనిషి మరింత దాస్తాడు. రాత్రి భోజనాలయ్యాక, పిల్లలు పడుకున్నాక, కాగితం కలం ముందు పెట్టుకుని అప్పుల జాబితా రాయించండి.

రెండోది, "ఈ ఒక్కసారికి" అని నగలమ్మి అప్పంతా ఒకేసారి తీర్చెయ్యకండి. అప్పు తీరగానే మళ్ళీ ఆడే దారి తెరుచుకుంటుంది. నెలనెలా ఇద్దరూ కలిసి తీర్చండి.

మూడోది, జీతం పడే ఖాతా వేరు, ఫోనుకి కలిపిన ఖాతా వేరు చేయండి. ఫోను ఖాతాలో వారం ఖర్చుకి సరిపడా మాత్రమే ఉంచండి. కార్డు మీద ఆన్‌లైన్ వాడకం ఆపుకోవడానికి, రోజుకింత అని హద్దు పెట్టుకోవడానికి బ్యాంకు యాప్‌లోనే వీలుంది. చేతకాకపోతే బ్యాంకుకి వెళ్ళి అడగండి. దానంతటదే డబ్బు కోసుకునే ఏర్పాట్లు ఏవైనా ఉన్నాయేమో చూసి తీసేయించండి.

నాలుగోది, పిల్లల చేతికి మీ ఫోను ఇస్తే పిన్ నంబరు మాత్రం చెప్పకండి. ఆటలో తుపాకులు, బట్టలు అని కొనిపిస్తారు. ఫోన్లో ఏది కొన్నా ప్రతిసారీ పాస్‌వర్డు అడిగేలా పెట్టుకోవచ్చు.

అయిదోది, అప్పు యాప్‌ల వాళ్ళు బెదిరిస్తే బెదరకండి. రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నియమాల ప్రకారం మన ఫోన్లోని నంబర్ల జాబితా వాళ్ళు తీసుకోకూడదు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరవాత వసూలుకి ఫోన్లు చెయ్యకూడదు. మోసం జరిగి డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చేయండి.

ఆరోది, అన్నిటికంటే ముఖ్యమైనది. మనిషి ముభావంగా అయిపోయినా, నిద్ర మానేసినా, "నేను లేకపోతే మీకే నయం" లాంటి మాట నోట వచ్చినా, దాన్ని కోపంలో అన్న మాటగా తీసెయ్యకండి. ఒంటరిగా వదలకండి. 14416కి ఫోను చేయండి. అది 2022లో పెట్టిన టెలి మానస్, ప్రభుత్వానిది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగుళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఫోను, ఆటల వ్యసనాల కోసమే 2014 నుంచి ఒక ప్రత్యేక క్లినిక్కు నడుస్తోంది. చికిత్స ఉన్న జబ్బు ఇది. డాక్టరు దగ్గరికెళ్ళడం పరువు తక్కువ కాదు. అప్పు బాధ ఎంతదైనా మనిషి కంటే పెద్దది కాదు.

ఇంకో సంగతి. "పద్దు పుస్తకం రాయడం మా అమ్మమ్మ కాలం నాటి పని" అని నవ్వే అమ్మాయిలకి చెబుతున్నాను. ఫోను నొక్కితే పోయే డబ్బు చేతికి తగలదు, కంటికి ఆనదు. అందుకే ఈ కాలంలోనే పుస్తకం ఎక్కువ అవసరం. పాలవాడి లెక్క పక్కనే ఆ రోజు ఫోన్లోంచి వెళ్ళిన ప్రతి రూపాయి రాయండి. మీదీ రాయండి, ఆయనదీ రాయించండి. వారానికొకసారి ఇద్దరూ కలిసి కూడిక చేయండి. కూడిక తేలని చోట ఆగి అడగండి.

మీ ఇంట్లో ఇలాంటి ఇబ్బంది వచ్చి మీరెలా గట్టెక్కారో నాకు రాయండి. పేరు, ఊరు వేయకుండా తోటి అక్కచెల్లెళ్ళకి ఉపయోగపడేలా ఇక్కడ పెడతాను. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం, ఉంటాను మరి.